అడవి పనిలో ఆడవాళ్ల వాటా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ఊళ్లలో పోడు, తునికాకు, చింతపండు, నర్సరీ పనులు చేసుకునే మహిళల కోసం ఈ జవాబులు రాశాం. వాళ్లతో కలిసి పనిచేసే సంఘాలకూ, అటవీ శాఖ ఉద్యోగానికి సిద్ధమవుతున్న అమ్మాయిలకూ ఇవి పనికొస్తాయి.

అడవి పనిలో ఆడవాళ్లు ఎలాగూ ఉన్నారు కదా, మళ్లీ సమానత్వం అని ఎందుకు అడగడం?

పనిలో ఉన్నారు, కాగితంలో లేరు. చీకటితో లేచి ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కట్టలు కట్టడం, చింతపండు గింజ తీయడం, అడ్డాకులు కుట్టడం, నర్సరీలో సంచులు నింపడం చాలావరకు ఆడవాళ్ల పనులే. సరుకు కాటా దగ్గరికి చేరి డబ్బు చేతులు మారే వేళకు మాత్రం మగవాళ్లు ముందుకొస్తారు. ఒక ఊళ్లో పరిస్థితి తెలియాలంటే నాలుగు కాగితాలు తెరిస్తే చాలు: పోడు పట్టా, గ్రామసభ తీర్మానాల పుస్తకం, తునికాకు కొనే కల్లం దగ్గర లెక్క చూసే కల్లేదారు రాసే పుస్తకం, బ్యాంకు పాసుబుక్. ఈ నాలుగింటిలో ఆమె పేరు ఎక్కడెక్కడ లేదో చూస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. కింది జవాబుల్లో చాలావి ఈ కాగితాల చుట్టూనే తిరుగుతాయి.

పోడు పట్టాలో భార్య పేరు ఉండటం తప్పనిసరా, లేక అధికారి దయా?

తప్పనిసరి. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్, 4వ ఉపసెక్షన్ ప్రకారం పెళ్లైనవాళ్లకు హక్కు భార్యాభర్తలిద్దరి పేర్లతో ఉమ్మడిగా నమోదు కావాలి. ఇంటిని ఒక్కరే నడుపుతుంటే, అది మహిళైనా సరే, ఆ ఒక్కరి పేరుతో ఇవ్వాలి. ఈ హక్కు వారసులకు వస్తుంది కానీ అమ్మడానికీ బదిలీ చేయడానికీ కుదరదు. అంటే అప్పు కింద పట్టా రాసిచ్చానని భర్త చెప్పినా, ఆ రాత చట్టం ముందు నిలవదు.

సాగు భూమికి 13 డిసెంబర్ 2005 నాటికి ఆ నేల మీద ఉండాలి, గరిష్ఠంగా 4 హెక్టార్లు. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపాలి. వ్యక్తిగత దరఖాస్తు ఫారం 'ఎ'. అందులో దరఖాస్తుదారు పేరు తర్వాత జీవిత భాగస్వామి పేరుకు వేరే గడి ఉంటుంది. ఎక్కువ తప్పులు ఆ గడి దగ్గరే జరుగుతాయి: ఖాళీగా వదిలేస్తారు, లేదా 'ఫలానా వారి భార్య' అని మాత్రమే రాసి ఆమె సొంత పేరు రాయరు.

ఇంకో చిక్కు ఇంటిపేరుది. చాలామంది ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, రేషన్ కార్డులో అత్తింటిది. దరఖాస్తులో ఆధార్‌లో ఉన్నట్టే రాసి, పక్కన భర్త పేరు చేర్చండి. రెండు కాగితాల్లో రెండు పేర్లుంటే ఆమె ఒక్కరేనని గ్రామసభ తీర్మానంలో ఒక వాక్యం రాయించుకోండి. ఇప్పుడు ఐదు నిమిషాల్లో అయ్యే ఈ పనిని వదిలేస్తే తర్వాత బ్యాంకులో, పథకాల దగ్గర నెలల తరబడి తిప్పుతారు.

సర్వేకి మగవాళ్లు వెళ్తే సరిపోదా?

సరిపోదు. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ భూమి మీదికి వచ్చి హద్దులు చూసేటప్పుడు, జీపీఎస్ పట్టుకుని చుట్టూ తిరిగేటప్పుడు భార్య కూడా పక్కన నడవాలి. పొలం మూలలో రాళ్లకుప్ప, పాత మొద్దు, వాగు ఒడ్డు ఎక్కడున్నాయో రోజూ పనిచేసే ఆమెకే బాగా గుర్తుంటుంది. తర్వాత విస్తీర్ణం తక్కువ పడిందని తెలిస్తే, నేను అక్కడే ఉన్నాను అని చెప్పగలిగే సాక్షి ఆమెకు ఆమే. ఆ రోజు వచ్చిన అటవీ, రెవెన్యూ సిబ్బంది తమ వ్యాఖ్యతో, తేదీతో సంతకం చేయాలని 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

పాత కాగితాలేవీ లేవని వెనక్కి తగ్గొద్దు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలం రాసి పెట్టినా అది సాక్ష్యమే. పెద్దలంటే పెద్దమ్మలూ లెక్కే. ఎవరు ఏ బీడు ఎప్పుడు కొట్టారో మంత్రసానిగా ఇల్లిల్లూ తిరిగిన ముసలమ్మకు తెలిసినంతగా పటేలుకు తెలియకపోవచ్చు.

పట్టా ఇప్పటికే భర్త ఒక్కడి పేరుతో వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

ఇది కొత్త హక్కు అడగడం కాదు, చట్టం చెప్పినట్టు రాయని కాగితాన్ని సరిచేయమనడం. దరఖాస్తులో ఈ మాట స్పష్టంగా ఉండాలి. లేకపోతే 'కొత్త క్లెయిములు తీసుకోవడం లేదు' అని తిప్పి పంపుతారు.

ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి: పట్టా నంబరు, విస్తీర్ణం, భర్త పేరు, చేర్చాల్సిన భార్య పేరు, కారణంగా 4వ సెక్షన్ ప్రస్తావన. దానికి పట్టా నకలు, ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు జతచేసి సబ్ డివిజనల్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షత వహించే జిల్లా కమిటీకి పంపాలి. హక్కు పత్రంపై తుది నిర్ణయం జిల్లా కమిటీదే. ఒక్కొక్కరుగా తిరిగే కన్నా ఊళ్లో ఇలాంటి పట్టాలన్నీ ఒకే జాబితాగా వేసి ఇస్తే పని త్వరగా కదులుతుంది. దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా తేదీ వేసిన రసీదు అడగండి.

గ్రామసభ తీర్మానమే మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లోపు సబ్ డివిజనల్ కమిటీకి వెళ్లవచ్చు. అక్కడి నిర్ణయం నచ్చకపోతే మరో 60 రోజుల్లోపు జిల్లా కమిటీకి.

భర్త చనిపోతే భూమి మరిదికో బావకో పోతుందా?

ఉమ్మడి పట్టా ఉంటే ఆ ప్రశ్నే రాదు, ఆమె అప్పటికే హక్కుదారు. భర్త ఒక్కడి పేరు మీద ఉంటే గొడవ మొదలవుతుంది. నేరుగా వారసులు లేనప్పుడే దగ్గరి బంధువులకు వెళ్తుందని అటవీ హక్కుల చట్టం చెబుతోంది. వారసుల్లో కొడుకులనీ కూతుళ్లనీ అది తేడా చూపలేదు.

మిగతా భూముల సంగతి వేరు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదని ఆ చట్టంలోనే 2వ సెక్షన్‌లో ఉంది. అందుకే 'మా ఆచారంలో ఆడపిల్లకు భూమి లేదు' అన్న మాట ఇన్నాళ్లూ చెల్లింది. 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు దీన్ని తిప్పి చెప్పింది: ఆడవాళ్లకు వాటా ఉండకూడదనే ఆచారం ఉందని రుజువు చేయనప్పుడు, వాటా కాదనడం సమానత్వ హక్కుకు విరుద్ధం. ఆచారం ఉందనేవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలి. ఆదిలాబాద్ నుంచి పాడేరు వరకు ఇలాంటి వివాదాల్లో ఈ తీర్పును ఎత్తిచూపవచ్చు.

గ్రామసభకు ఎంతమంది ఆడవాళ్లు వస్తే కోరం?

అటవీ హక్కుల విషయంలో గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఊళ్లో 240 మంది పెద్దవాళ్లుంటే 120 మంది హాజరు, అందులో 40 మంది మహిళలు. 150 మంది వస్తే 50 మంది. మగవాళ్లు ఎక్కువమంది వచ్చిన కొద్దీ ఆడవాళ్ల సంఖ్య కూడా పెరగాలన్నమాట. ఈ లెక్క చాలాచోట్ల పట్టించుకోరు. క్లెయిముల మీద తీర్మానం చేసే రోజైతే దరఖాస్తుదారులు లేదా వాళ్ల ప్రతినిధుల్లో కనీసం సగం మంది కూడా ఉండాలి.

అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు. మూడింట రెండు వంతులు గిరిజనులు, కనీసం మూడో వంతు మహిళలు. 15 మందైతే 10, 5. ఆ ఐదుగురు మహిళలు గిరిజనులే అయితే రెండు లెక్కల్లోనూ చెల్లుతారు. పై కమిటీల్లో కూడా నామినేట్ అయ్యే ముగ్గురు ప్రజాప్రతినిధుల్లో ఒక మహిళ ఉండాలి.

సభ అయిపోయాక పుస్తకం ఇంటింటికీ తెచ్చి వేలిముద్ర వేయించుకుంటారు. అది చెల్లుతుందా?

చెల్లదు, పైగా తర్వాత మీ ఊరికే చేటు. కోరం లేని తీర్మానం అని ఎవరైనా సవాలు చేస్తే మంచి తీర్మానం కూడా కొట్టుకుపోతుంది. సభ మొదట్లోనే, ఏ అంశమూ చర్చకు రాకముందే, హాజరు సంతకాలు తీసుకోండి. ఆడవాళ్ల సంఖ్యను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. ఆఖరి పేరు కింద అడ్డగీత గీసి, తీర్మానం ఆ గీత కిందే మొదలుపెట్టండి. గీత గీశాక పేరు చేర్చాలంటే కొట్టివేతలు కనిపిస్తాయి. తీర్మానం పైకి చదివి వినిపించాకే ముగింపు సంతకాలు. కోయ, గోండి, సవర మాట్లాడే చోట ఆ భాషలో చెప్పాలి. తెలుగు చదివేసి అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు.

సభ వేళ కూడా చూసుకోవాలి. సంత రోజు, తునికాకు సీజన్‌లో ఉదయం, పొయ్యి వెలిగించే వేళ పెడితే ఆడవాళ్లు రారు. రాలేదని వాళ్ల మీద నెపం పెట్టడం తేలిక.

వీఎస్‌ఎస్‌లో కూడా ఇవే లెక్కలా?

వన సంరక్షణ సమితి (వీఎస్‌ఎస్) వేరు, అటవీ హక్కుల కమిటీ వేరు. వీఎస్‌ఎస్‌లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ప్రభుత్వ ఉత్తర్వులతో వచ్చాయి, అటవీ శాఖతో కలిసి పనిచేస్తాయి. కేంద్రం 2000 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి సమితుల సర్వసభ్య సభలో కనీసం సగం, కార్యవర్గంలో కనీసం 33 శాతం మహిళలు ఉండాలి. అధ్యక్ష, ఉపాధ్యక్ష, కార్యదర్శి పదవుల్లో ఒకటి మహిళకు ఇవ్వాలి.

పదవి ఇచ్చినా చెక్కు మీద సంతకం భర్తదైతే ఉపయోగం లేదు. ఏ పదవి తీసుకోవాలని అడిగితే, ఖాతా నడిపే సంతకం ఉన్న పదవి అంటాం. ఇంకో మాట: ఒక్క మహిళను కూర్చోబెడితే ఆమె నోరు విప్పదు. గుజరాత్, నేపాల్ అటవీ సమితులను పరిశోధించిన బీనా అగర్వాల్ చెప్పింది ఇదే. కమిటీలో ఆడవాళ్లు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా చేరాకే వాళ్ల మాటకు బలం వస్తుంది. మహిళలు ఎక్కువగా ఉన్న సమితుల అడవి మెరుగ్గా కోలుకుంది కూడా.

తునికాకు కట్టల లెక్కలో మోసపోకుండా ఉండాలంటే?

ముందు లెక్క తెలియాలి. కట్టకు 50 ఆకులు. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్, అంటే 50,000 ఆకులు. పొద్దున్నే అడవికి వెళ్లి కోయడం, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టడం, సాయంత్రం కల్లానికి మోయడం.

నష్టం మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది కొసరు. వందకు ఐదు కట్టలు అదనంగా అడిగితే 150 కట్టలు తెచ్చిన ఆమె ఏడెనిమిది కట్టలు, అంటే దాదాపు 375 ఆకులు, ఊరికే ఇచ్చినట్టు. చిల్లులు, ముదురు, మరీ లేత ఆకులున్న కట్టను తిరస్కరించే హక్కు కల్లేదారుకు ఉంది. అందరి దగ్గరా ముందే కొసరు తీసుకునే హక్కు లేదు. మచ్చ ఆకులను ఇంటి దగ్గరే ఏరేస్తే ఆ సాకు ఉండదు.

రెండోది పుస్తకం. కార్డు మగవాడి పేరుతో ఉంటే కూలీ, ఆ తర్వాత వచ్చే బోనస్ (నికర ఆదాయంలో వాటా) అతని ఖాతాలోకే వెళ్తాయి. సీజన్ మొదలయ్యే ముందే, కొమ్మ కొట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే, కార్డు ఎవరు కోస్తారో వాళ్ల పేరుతో రాయించుకోండి. కోతలు మొదలయ్యాక ఎవరూ వినరు. ఒకే ఇంట్లో అత్తా కోడలూ కోస్తుంటే రెండు కార్డులు అడగండి.

మూడోది ఆ రోజు రాయకపోవడం. కట్టల సంఖ్య కల్లేదారు పుస్తకంలో ఎక్కిన వెంటనే మీ కార్డులోనూ అంకె పడాలి. రేపు రాస్తానంటే, వడగళ్ల వాన పడి కల్లంలో ఆకు పాడైన మర్నాడు ఆ నష్టం రాయని కట్టల మీదికి వస్తుంది.

చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులకు మంచి ధర ఎలా రాబట్టాలి?

అమ్మే హక్కు మీదే. అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు ఇచ్చింది. వెదురు, తునికాకు, తేనె, మైనం, లక్క, దుంపలు అందులో ఉన్నాయి. 2012 నియమాల ప్రకారం సేకరణ మీద రాయల్టీ, రుసుము ఏదీ ఉండదు. రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ. తలమీద మోసినా వాహనంలో వేసినా తేడా లేదు.

ధర దగ్గర మొదటి దెబ్బ కొలతది. కుంచంతో కొలిచే వ్యాపారికీ కిలోల కాటాకూ పొంతన ఉండదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో, డీఆర్ డిపోల్లో (సంస్థ నడిపే నిత్యావసరాల దుకాణాల్లో) కిలో లెక్కన కొంటుంది. అక్కడి ధర తెలుసుకున్నాకే బయటివాడితో బేరమాడండి. ఇంట్లోనే చిన్న తూకం కాటా ఉంటే ఇంకా మంచిది, సంఘానికి ఒకటి చాలు.

చింతపండు గింజ తీసి, పీచు లాగి అమ్మితే ధర ఎక్కువ. కానీ గింజ తీయడానికి పట్టే గంటలను లెక్కలో వేయడం ఎవరికీ అలవాటు లేదు. ఉన్న సరుకంతా గింజతో అమ్మితే ఎంతొస్తుందో, గింజ తీసి అమ్మితే ఎంతొస్తుందో రాసుకుని తేడాను పట్టిన రోజులతో భాగించండి. అది రోజు కూలికి తక్కువైతే గింజతోనే అమ్మేయండి. నిల్వ చేయాలంటే తడి లేకుండా బాగా ఆరాలి. తేమ తగిలితే నల్లబడి ధర పడిపోతుంది.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసే అలవాటుతో అడవి అంటుకుంటుంది, పువ్వుకు మసి పడుతుంది, కేసు కూడా అవుతుంది. ఊడ్చండి, లేదా చెట్టు కింద వల కట్టండి. వలలో పడిన పువ్వుకు మట్టి అంటదు, తినడానికి కొనేవాళ్లు ఎక్కువ ధర ఇస్తారు. పచ్చి పువ్వును బస్తాలో కుక్కితే ఒక్క పూటలో పులుస్తుంది, టార్పాలిన్ మీద పలచగా పరచాలి. ఎలుగుబంట్లకూ ఈ పువ్వంటే ఇష్టం కాబట్టి ఒంటరిగా, చీకట్లో వెళ్లకండి. నలుగురు మాట్లాడుకుంటూ వెళ్తే అలికిడికి అది ముందే తప్పుకుంటుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సారాకు తప్ప పనికిరాదన్న పేరు పోవడానికి అది సాయపడింది.

వన్ ధన్ కేంద్రం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. గిరిజనులు అటవీ సరుకును శుద్ధి చేసి అమ్ముకోవడానికి 2018లో మొదలైన ఈ కేంద్ర పథకంలో ఒక కేంద్రానికి 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మంది సభ్యులు, గరిష్ఠంగా 15 లక్షల రూపాయలు అనేది లెక్క. కొనేవాడు ఎవరో తేలకముందే యంత్రం కొనడంతో చాలా కేంద్రాలు దెబ్బతింటాయి. విస్తరాకు యంత్రం తిప్పాలంటే కరెంటు వోల్టేజీ నిలకడగా ఉండాలి, ఏడాది పొడవునా అడ్డాకు దొరకాలి. ముందు చేత్తో కుట్టి ఒక సీజన్ అమ్మి చూడండి.

నర్సరీలో మగవాళ్లకు ఎక్కువ కూలి ఇస్తున్నారు. బరువు పని అంటున్నారు.

ఒకే రకం పనికి ఆడ మగ తేడాతో కూలి మార్చకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. అసలు కిటుకు పనులు పంచడంలో ఉంది. గుంతలు తవ్వడం మగవాళ్లకు, కలుపు తీయడం, సంచులు నింపడం ఆడవాళ్లకు ఇచ్చి, రెండో రకాన్ని తేలిక పని అని రాస్తారు. ముక్కపనిగా, వెయ్యి సంచులకు ఇంత అని ఇచ్చేటప్పుడు సంచి సైజు పుస్తకంలో రాయించండి. 5x9 అంగుళాల సంచి రేటుకు 6x12 సంచి నింపితే దాదాపు రెట్టింపు మట్టి పడుతుంది. మట్టి జల్లెడ పట్టడం, ఎరువు కలపడం, నిండిన సంచులు వరుసలకు మోయడం ఆ రేటులో కలిశాయో లేదో ముందే తేల్చుకోవాలి.

పనిచోట మేస్త్రీ వేధిస్తే ఎవరికి చెప్పాలి? మేం ఉద్యోగులం కాదు కదా.

పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం రోజు కూలీలకూ వర్తిస్తుంది. పనిచేసే చోటంటే ఆఫీసు గది ఒక్కటే కాదు. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువ మందైనా, యజమాని మీదే ఫిర్యాదైనా, జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. జిల్లా కేంద్రం దూరమైతే మండల స్థాయి నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. డబ్బిచ్చి రాజీ చేసుకోమనడం ఈ చట్టంలో కుదరదు, ఊరి పెద్దలు చెప్పినా సరే.

అటవీ శాఖలో చేరాలంటే అమ్మాయిలకు ఏ పరీక్ష కష్టం?

నడక. బీట్ ఆఫీసర్ పోస్టులకు నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ఐఎఫ్‌ఎస్‌ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్)కు అదే సమయంలో ఆడవాళ్లకు 14 కిలోమీటర్లే. పై ఉద్యోగానికి తక్కువ దూరం, ఎందుకో మాకూ అంతుబట్టదు. 16 కిలోమీటర్లంటే గంటకు నాలుగు, వినడానికి సులువే. మూడో గంటలో పాదం కింద బొబ్బ లేచినప్పుడే తెలుస్తుంది. పరీక్షకు కొత్త బూట్లు వేసుకోకండి. కనీసం రెండు నెలలు వాడిన జోడుతో, వారానికి మూడు రోజులు 6 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి రెండేసి పెంచుతూ వెళ్లండి. పరిగెత్తి ఆగే కన్నా ఒకే వేగంతో నడిచినవాళ్లే పూర్తిచేస్తారు. నెలసరి రోజున పరీక్ష పడే అవకాశం ఉంది కాబట్టి సాధనలో ఒకసారైనా ఆ రోజున నడిచి చూడండి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. 1966లో ఏర్పడిన ఐఎఫ్‌ఎస్‌లోకి మహిళలు 1980లో గానీ రాలేదు.

చేరాక అడగాల్సినవి వేరు. బేస్ క్యాంపులో మరుగుదొడ్డి, తలుపుకు లోపలి గడియ, కాలి కొలతకు సరిపడే బూట్లు, రాత్రి గస్తీకి ఒంటరిగా పంపకపోవడం. రాత్రి డ్యూటీ నుంచి ఆడవాళ్లను పూర్తిగా తప్పించమని అడగొద్దని మా సలహా. అలా తప్పించిన చోట కలప దొంగల కేసులు పట్టిన ఘనత, దాంతో వచ్చే గుర్తింపు మగవాళ్లకే పోతాయి. ఇద్దరు మహిళలు ఉన్న గస్తీ జట్టు అడగండి.

మా ఊళ్లో మగవాళ్లు ఒప్పుకోకపోతే?

భూమితో మొదలుపెట్టకండి. తునికాకు కార్డుతో మొదలుపెట్టండి. ఒక్క సీజన్ డబ్బు ఆమె ఖాతాలో పడి, ఇంటి బియ్యానికీ పిల్లల ఫీజుకూ అక్కడి నుంచే వెళ్తే, మరుసటి ఏడాది ఉమ్మడి పట్టా మాటకు అడ్డు చెప్పేవాళ్లు తగ్గుతారు.